రెండో కాక్‌పిట్‌లోని మనిషి

ఆకాశంలో రెండు యుద్ధ విమానాలు ఒకదానితో ఒకటి తలపడిన తీరును మాటల్లో చెప్పడం ఎంత కష్టమో, అలాంటి పోరాటాల గురించి పుస్తకాల్లో చదివినవారికి బాగా తెలుసు. ఎడమకు తిరిగానని, నిట్టనిలువుగా లేచానని, తలకిందులుగా ఉండగా శత్రువు కింద కనిపించాడని పైలట్ రాసుకుంటాడు. చదివేవారి మనసులో మాత్రం ఏ బొమ్మా నిలవదు. పోరాటం మొత్తం ఒకటి రెండు నిమిషాల్లో ముగిసిపోతుంది, అందులో పాల్గొన్నవారికి కూడా అది ముక్కలు ముక్కలుగానే గుర్తుంటుంది, పైగా అది జరిగేచోట కొండగుర్తుగా చెప్పుకోవడానికి చెట్టూ చేమా ఏమీ ఉండవు. అమెరికాలోని హిస్టరీ చానల్ 2006 నుంచి 2008 వరకు ప్రసారం చేసిన "డాగ్‌ఫైట్స్" అనే డాక్యుమెంటరీ ధారావాహిక ఈ చిక్కును నాకు తెలిసినంతలో అందరికంటే బాగా విడదీసింది. దాని గొప్పతనం ఎక్కడుందో, దాని లోపం ఎక్కడుందో వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ధారావాహిక పద్ధతి చూడటానికి చాలా సరళంగా ఉంటుంది. పోరాటంలో పాల్గొన్న పైలట్, ఇప్పుడు ముదుసలి, కెమెరా ముందు కూర్చొని ఆనాడు జరిగింది చెబుతూ ఉంటాడు. ఆయన చెబుతున్న ప్రతి కదలికనూ కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో మన కళ్ల ముందు నడిపిస్తారు. కీలకమైన క్షణం రాగానే బొమ్మను ఆపేస్తారు. కెమెరా దూరంగా జరిగి, రెండు విమానాలనూ పైనుంచో పక్కనుంచో చూపిస్తుంది. అవి వచ్చిన దారులను గీతలుగా గీసి, ఈ క్షణంలో పైలట్ ముందు ఎన్ని మార్గాలున్నాయో, వాటిలో అతడు దేన్ని ఎంచుకున్నాడో, ఎందుకు ఎంచుకున్నాడో వ్యాఖ్యాత వివరిస్తాడు. ఆ తర్వాత బొమ్మ మళ్లీ కదులుతుంది. పోరాటాన్ని శౌర్యగాథగా కాక వరుసగా తీసుకున్న నిర్ణయాలుగా చూపించడమే ఈ ధారావాహిక సాధించిన అసలు విజయమని నా అభిప్రాయం. ధైర్యం గురించి వ్యాఖ్యాత ఎంత గంభీరంగా మాట్లాడినా మన మనసులో నిలిచిపోయేది ఆ ధైర్యం వెనుక ఉన్న లెక్క.

ఆ లెక్కకు మూలం శక్తి. ఎత్తులో ఉన్న విమానం దాచిపెట్టుకున్న వేగంతో సమానం. గుట్ట మీద సైకిల్‌తో నిలబడ్డవాడు తొక్కకుండానే దిగువనున్నవాణ్ణి దాటిపోగలిగినట్టు, ఎత్తునున్న పైలట్ కిందికి దూకి ఆ ఎత్తును వేగంగా మార్చుకోగలడు. వేగంగా ఉన్నవాడు పైకి లేచి మళ్లీ ఎత్తును సంపాదించుకోగలడు. కానీ గట్టిగా మలుపు తిరిగిన ప్రతిసారీ ఈ నిల్వలో కొంత ఖర్చయిపోతుంది. బిగువైన మలుపులో పైలట్ శరీరం బరువు ఆరేడు రెట్లవుతుంది, రక్తం తల నుంచి కిందికి దిగుతుంది, చూపు అంచుల నుంచి మసకబారుతుంది. విమానం కూడా ఆ మలుపుకు తన వేగంతో మూల్యం చెల్లిస్తుంది. అందువల్ల శత్రువు వెనక్కి చేరాలన్న తొందరలో నిల్వ అంతా ఖర్చు చేసుకున్నవాడు, రెండు మలుపుల తర్వాత ఎటూ కదలలేని స్థితిలో చిక్కుకుంటాడు. అమెరికా వైమానిక దళానికి చెందిన జాన్ బాయిడ్, గణిత నిపుణుడు థామస్ క్రిస్టీతో కలిసి 1960లలో ఈ విషయాన్ని సమీకరణాల రూపంలోకి తెచ్చాడు. ఈ ధారావాహిక ఆ సమీకరణాలను ఒక్కటీ రాయకుండానే సామాన్య ప్రేక్షకుడికి అర్థం చేయించింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆపరేషన్ బోలో గురించిన భాగం. వియత్నాం యుద్ధంలో 1967 జనవరి 2న జరిగిన ఘటన అది. అప్పటికి ఉత్తర వియత్నాంకు చెందిన మిగ్-21 విమానాలు, బాంబులు మోసుకొచ్చే ఎఫ్-105 థండర్‌చీఫ్‌ల మీద మెరుపులా దాడిచేసి తప్పించుకుంటున్నాయి. వాటికి కాపలాగా వచ్చే ఎఫ్-4 ఫాంటమ్‌లతో తలపడటానికి మాత్రం ఇష్టపడటం లేదు. మిగ్‌ల స్థావరాలపై బాంబులు వేయడానికి ఆనాటి అమెరికా ప్రభుత్వం అనుమతించలేదు కాబట్టి, వాటిని ఆకాశంలోకి రప్పించడం తప్ప వేరే దారి లేదు. థాయిలాండ్‌లోని ఉబోన్ స్థావరంలో ఉన్న ఎనిమిదో టాక్టికల్ ఫైటర్ వింగ్ అధిపతి రాబిన్ ఓల్డ్స్ ఇందుకు ఒక పన్నాగం పన్నాడు. ఫాంటమ్‌లు థండర్‌చీఫ్‌ల వేషం వేసుకున్నాయి: అవి వెళ్లే దారినే, అవి ఎగిరే ఎత్తులోనే, అదే వేగంతో, అదే తరహా రేడియో సంభాషణలతో, అంతవరకు థండర్‌చీఫ్‌లు మాత్రమే మోసుకెళ్లిన రాడార్ నిరోధక పరికరాలను రెక్కల కింద తగిలించుకొని హనోయ్ వైపు సాగాయి. నేల మీది రాడార్ ముందు కూర్చున్నవారికి అది రోజూ వచ్చే బాంబర్ల బారులాగే కనిపించింది.

మేఘాలను చీల్చుకుంటూ పైకొచ్చిన మిగ్ పైలట్లకు ఎదురైనవి ఫాంటమ్‌లు. అయినా పని సులువేమీ కాలేదు. ఆనాటి ఎఫ్-4సీ విమానంలో గన్ లేదు. ఇకమీదట యుద్ధమంతా క్షిపణులతోనే జరుగుతుందన్న నమ్మకంతో దాన్ని అలా తయారుచేశారు. ఉన్న క్షిపణుల్లో స్పారోకు తగిలేదాకా రాడార్ చూపు లక్ష్యం మీద నిలిచి ఉండాలి, సైడ్‌వైండర్‌కు శత్రువు ఇంజన్ వేడి కనిపించాలి, అంటే అతడి వెనుక ఉండాలి, ఉన్నా మరీ దగ్గరగా ఉండకూడదు. ఓల్డ్స్ మొదట వదిలిన క్షిపణులు తప్పిపోయాయి. ఇంతలో మరో మిగ్ ఎడమవైపు మలుపు తిరుగుతూ కనిపించింది. ఫాంటమ్ బరువైనది, మిగ్-21తో సమానంగా తిరగలేదు. ఆ మలుపులోకి దిగితే ఓటమి ఖాయం.

ఇక్కడ బొమ్మ ఆగుతుంది. ఓల్డ్స్ మలుపులోకి దిగలేదు. విమానాన్ని పైకి లేపి, మిగ్ తిరుగుతున్న దిక్కుకు వ్యతిరేక దిశలో దొర్లించి, తలకిందులుగా మిగ్ పైభాగానికి చేరి, అక్కడే కాసేపు వేచి ఉన్నాడు. కింద మిగ్ తన మలుపును పూర్తిచేసుకుంటోంది. అది తగినంత ముందుకు జరిగాక ఓల్డ్స్ విమానాన్ని కిందికి జార్చి, సరిగ్గా దాని వెనక్కి, సరిగ్గా క్షిపణికి కావలసినంత దూరంలోకి దిగాడు. రెండు సైడ్‌వైండర్లు వదిలాడు, ఒకటి తగిలి మిగ్ కుడి రెక్క ఊడిపోయింది. శత్రువుకంటే బిగువుగా తిరగలేని విమానంతో ఎక్కువ దూరం ప్రయాణించి, ఆ ప్రయాణమంతా నిలువు దిశలో చేసి, శత్రువు మలుపునే తనకు అనుకూలంగా మార్చుకున్నాడు. పుస్తకంలో ఈ వర్ణనను ఎన్నిసార్లు చదివినా నాకు అర్థం కాలేదు. తెర మీద ఆ రెండు గీతలు ఒకదాన్నొకటి చుట్టుకొని, చివరకు ఒకదాని వెనుక ఒకటి నిలిచినప్పుడు ఇంక వివరణ అవసరం లేకపోయింది. ఆ ఓల్డ్స్‌కు అప్పటికి 44 ఏళ్లనీ, రెండో ప్రపంచ యుద్ధంలోనే 12 విమానాలను కూల్చినవాడనీ తెలిసినప్పుడు, అంత నిబ్బరంగా వేచి ఉండటం ఎలా సాధ్యమైందో కూడా కొంత బోధపడింది.

కొరియా యుద్ధం గురించిన "మిగ్ ఆలీ" భాగంలో రాబిన్సన్ రైస్నర్ చెప్పిన కథ మరో రకమైనది. 1952 సెప్టెంబర్ 15న ఆయన ఎఫ్-86 సేబర్‌లో ఒక మిగ్-15ను వెంటాడుతూ యాలూ నది దాటి చైనా భూభాగంలోకి వెళ్లాడు. ఆ మిగ్ పైలట్ సామాన్యుడు కాడు. నేలకు తగులుతుందేమో అన్నంత దిగువన విమానాన్ని తలకిందులు చేసి నడిపాడు, చివరికి తన స్థావరంలోని హ్యాంగర్ల మధ్య నుంచి దూసుకుపోయాడు. రైస్నర్ అక్కడిదాకా వెంబడించి అతణ్ణి కూల్చాడు. తిరుగు ప్రయాణంలో, తనతో జంటగా ఎగురుతున్న జో లోగన్ విమానానికి నేల మీది విమాన విధ్వంసక తుపాకుల గుండు తగిలి ఇంధనం కారిపోసాగింది. శత్రు భూభాగంలో దిగితే లోగన్ బందీ అవుతాడు. రైస్నర్ అతణ్ణి ఇంజన్ ఆపేయమని చెప్పి, తన సేబర్ ముక్కును లోగన్ విమానపు తోక గొట్టంలోకి ఆనించి, అతణ్ణి సముద్రం మీదుగా, తమ పక్షం చేతిలో ఉన్న చోడో ద్వీపం వైపు నెట్టుకుంటూ వెళ్లాడు. కారుతున్న ఇంధనం, హైడ్రాలిక్ నూనె రైస్నర్ కాక్‌పిట్ అద్దాన్ని కమ్మేశాయి. ఒకసారి విడిపోయినా మళ్లీ ఆనించి నెట్టాడు.

ద్వీపానికి చేరువలో లోగన్ ప్యారాచూట్‌తో దూకాడు. కానీ సముద్రంలో పడ్డాక ప్యారాచూట్ తాళ్లలో చిక్కుకొని మునిగిపోయాడు. రైస్నర్ కూడా ఇంధనం అయిపోయి, ఇంజన్ ఆగిన విమానాన్ని జార్చుకుంటూ కింపో స్థావరంలో దిగాడు. ఈ కథను ధారావాహికలో ఇలా ముగించినందుకు నేను నిర్మాతలను గౌరవిస్తాను. సాహసాన్ని చూపించి, దాని ఫలితం దక్కలేదన్న నిజాన్ని కూడా దాచకుండా చూపించారు. పదిహేనేళ్ల తర్వాత, 1967 మార్చిలో, వియత్నాంలో బాబ్ పార్డో అనే పైలట్ దెబ్బతిన్న మరో ఫాంటమ్ తోక కొక్కేన్ని తన విమానపు ముందు అద్దానికి ఆనించుకొని నెట్టి, రెండు విమానాల్లో ఇద్దరేసి చొప్పున ఉన్న నలుగురూ ప్రాణాలతో బయటపడేలా చేశాడు. ఆ రోజుల్లో పైఅధికారుల నుంచి అతడికి చీవాట్లే దక్కాయి. వెండి నక్షత్ర పతకం 1989లో గానీ రాలేదు.

ఈ ధారావాహిక తీసిన సమయం గురించి కూడా ఒక మాట చెప్పాలి. రాబిన్ ఓల్డ్స్ 2007 జూన్‌లో కన్నుమూశాడు. రైస్నర్ 2013లో పోయాడు. మరో ఏడెనిమిదేళ్లు ఆలస్యమై ఉంటే, ఈ పోరాటాలను చేసినవారి చేతులతో, చేసినవారి మాటలతో వినే అవకాశం ఉండేది కాదు. చేతులతో అని ఎందుకంటున్నానంటే, పైలట్లు మాటలకంటే చేతులతోనే ఎక్కువ చెబుతారు; రెండు అరచేతులను రెండు విమానాలుగా చేసి ఒకదాని వెనుక ఒకటి తిప్పుతారు. ఓల్డ్స్ ముఖంలోని ఉత్సాహాన్ని, కొందరు వృద్ధులు తోటివారి పేరు చెప్పేటప్పుడు తీసుకునే చిన్న విరామాన్ని ఏ గ్రాఫిక్సూ సృష్టించలేవు.

చిన్న లోపాల మీద ఎక్కువసేపు నిలవను. ప్రకటనల విరామం ముగిసిన ప్రతిసారీ చెప్పిందే మళ్లీ చెబుతారు. పేలుళ్లు అవసరానికి మించి ఉన్నాయి, నేపథ్య సంగీతం ఒక్క క్షణం ఊరుకోదు. పదిహేనేళ్లు దాటిన గ్రాఫిక్స్ ఈనాటి కళ్లకు కొంత మొరటుగా తోచవచ్చు, కానీ గీతల స్పష్టత తగ్గలేదు కాబట్టి అది నాకు లోపంగా అనిపించదు.

అసలు లోపం రెండో కాక్‌పిట్‌లో ఉంది. ధారావాహికలో ఎక్కువ భాగం అమెరికా పైలట్ల కథలే, ఆ తర్వాత ఇజ్రాయెలీలవి. ఎదుటి విమానంలో కూర్చున్నవాడికి చాలాసార్లు పేరు ఉండదు. అతడు ఎక్కడి నుంచి వచ్చాడో, ఆ క్షణంలో అతడికి ఏం కనిపించిందో, అతడు ఎందుకు అటు తిరిగాడో మనకు చెప్పరు. పోరాటాన్ని నిర్ణయాల వరుసగా చూపించడమే ఈ ధారావాహిక పద్ధతి అయినప్పుడు, నిర్ణయాలు తీసుకుంటున్న ఇద్దరిలో ఒకరిని వదిలేయడం ఆ పద్ధతికే అన్యాయం చేయడం. చదరంగం ఆటను వివరిస్తూ తెల్ల పావుల ఎత్తులకు మాత్రమే కారణం చెబితే ఆట అర్థమైనట్టు కాదు.

బోలో విషయమే తీసుకుందాం. ఆ రోజు ఏడు మిగ్-21లను కూల్చామని అమెరికా ప్రకటించింది, వియత్నాం తాను పోగొట్టుకున్నవి ఐదని చెబుతుంది. ఆ రోజు కూలిన విమానాల్లో ఒకదాని నుంచి ప్యారాచూట్‌తో బయటపడిన యువకుడి పేరు న్యుయెన్ వాన్ కోక్. ఆ తర్వాత అతడే 9 విజయాలతో వియత్నాం యుద్ధంలోకెల్లా అత్యధిక విజయాలు సాధించిన పైలట్‌గా లెక్కకెక్కాడు. మేఘాలను దాటి పైకి రాగానే బాంబర్లకు బదులు ఫాంటమ్‌లు ఎదురైనప్పుడు అతడికి ఏమనిపించింది? ఆ పరాజయం నుంచి అతడు, అతడి దళం ఏం నేర్చుకున్నారు? నా దృష్టిలో ఇది ఓల్డ్స్ కథలో విడదీయరాని సగం.

కొరియా విషయంలో ఈ లోటు ఇంకా పెద్దది. ఆ యుద్ధంలో 792 మిగ్‌లను కూల్చి 78 సేబర్లను మాత్రమే పోగొట్టుకున్నామని అమెరికా వైమానిక దళం చాలాకాలం చెప్పుకుంది. ఎదుటి పక్షాన ఎగిరినవారిలో చాలామంది సోవియట్ పైలట్లు. సోవియట్ గుర్తులు లేని విమానాల్లో, రేడియోలో రష్యన్ మాట వినపడకూడదన్న ఆజ్ఞలతో, పేర్లు దాచుకొని పోరాడారు. సోవియట్ యూనియన్ చివరి రోజులదాకా ఈ విషయం అధికారికంగా బయటికి రాలేదు. నికొలాయ్ సుత్యాగిన్, యెవ్‌గెనీ పెపెల్యాయెవ్ వంటి వారి విజయాల లెక్కలు బయటపడ్డాక, రెండు వైపులా నష్టాల పట్టికలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు పాత నిష్పత్తి నిలవలేదు. పైలట్లు అబద్ధమాడారని నేను అనడం లేదు. వంద కిలోమీటర్లను ఆరేడు నిమిషాల్లో దాటే వేగంలో, పొగ వదులుతూ మేఘంలోకి జారిపోయిన విమానం కూలిందా, ఇంటికి చేరిందా అన్నది వెనకున్నవాడికి తెలిసే వీలు లేదు. ఇంటికి చేరిందో లేదో చెప్పగలిగేది ఆ ఇంటివారే.

మన ఉపఖండంలో దీనికి ఇంతకంటే బలమైన నిదర్శనం ఉంది. 1965 సెప్టెంబర్ 7న పాకిస్తాన్‌లోని సర్గోధా స్థావరం మీద దాడికి వెళ్లిన మిస్టేర్ విమానాల్లో స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బోపయ్య దేవయ్య నడిపిన విమానం తిరిగి రాలేదు. కొడగు ప్రాంతానికి చెందిన ఆ అధికారికి ఏం జరిగిందో భారత వైమానిక దళానికి ఏళ్ల తరబడి తెలియదు. ఆయన్ను ఎదుర్కొన్న ఎఫ్-104 స్టార్‌ఫైటర్ పైలట్ అమ్జద్ హుస్సేన్ బతికి బయటపడ్డాడు. ధ్వనికి రెండింతల వేగం అందుకోగల స్టార్‌ఫైటర్ చేతిలో దెబ్బతిన్నాక కూడా, దానికంటే ఎంతో నెమ్మదైన మిస్టేర్ వెనుదిరిగి పోరాడి, స్టార్‌ఫైటర్‌నే కూల్చిందన్న సంగతి పాకిస్తాన్ పక్షం కథనాల ద్వారా ఒక బ్రిటిష్ రచయిత పుస్తకంలోకి ఎక్కి, అక్కడి నుంచి మన దేశానికి చేరింది. దేవయ్యకు మహావీర చక్ర ప్రకటించింది 1988లో, అంటే 23 ఏళ్ల తర్వాత. శత్రుపక్షం మాట వినకపోతే మన వీరుడి కథ మనకే దక్కేది కాదు.

అదే రోజు, అదే యుద్ధంలో, తూర్పున పశ్చిమ బెంగాల్‌లోని కలైకుండా స్థావరం మీద పాకిస్తాన్ సేబర్లు రెండుసార్లు దాడిచేశాయి. ఉదయం మొదటి దాడిలో నేల మీదున్న మన విమానాలు తగలబడ్డాయి. రెండోసారి నాలుగు సేబర్లు వచ్చినప్పుడు, ఆల్‌ఫ్రెడ్ కుక్, మామ్‌గాయిన్ అనే ఇద్దరు పైలట్లు రెండు హంటర్ విమానాలతో వాటిని అడ్డుకున్నారు. హంటర్లు మన 14వ స్క్వాడ్రన్‌వి, సేబర్లు పాకిస్తాన్ 14వ స్క్వాడ్రన్‌వి. పోరాటం చెట్ల తలలకు కొంచెం పైన జరిగింది. ఓల్డ్స్‌కు ఉన్న ఎత్తు ఇక్కడ ఎవరికీ లేదు. ఎత్తును వేగంగా మార్చుకునే వీలు లేదు. మలుపులో ఒక్క క్షణం ఏమరుపాటు కలిగితే రెక్క నేలకు తగులుతుంది. కుక్ వెంటాడిన సేబర్లలో ఒకటి పేలిపోయి, దాని పైలట్ అఫ్జల్ ఖాన్ మరణించాడు. రెండు కూల్చామని మనవాళ్లన్నారు, ఒకటే పోయిందని పాకిస్తాన్ అంది. కుక్, మామ్‌గాయిన్ ఇద్దరికీ వీర చక్ర లభించింది.

డాగ్‌ఫైట్స్ పద్ధతిలో, ఆ గీతలతో, ఆ విరామాలతో, కానీ రెండు కాక్‌పిట్‌ల నుంచీ చూపించదగిన పోరాటం ఏదైనా ఉంటే అది కలైకుండాయే అని నేను నమ్ముతాను. రెండు దేశాల పైలట్ల జ్ఞాపకాలూ ఇప్పుడు పుస్తకాల్లో, వ్యాసాల్లో అందుబాటులో ఉన్నాయి. పోరాటం జరిగిన ఎత్తు ఎంత తక్కువంటే, నేల మీద నిలబడినవారికి కూడా అది కనిపించి ఉంటుంది. కలైకుండా పక్కనే ఖరగ్‌పూర్ ఉంది. రైల్వే పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి తరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ ఊళ్లో ఎన్నో ఉన్నాయి. 1965లో పది పన్నెండేళ్ల పిల్లలుగా ఉన్నవారు ఈనాడు డెబ్బై దాటినవారు. ఆ ఉదయం ఆకాశంలో ఏం కనిపించిందో, విమానాలు ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు పోయాయో, ఏ శబ్దం ముందు వినిపించిందో మీ ఇంటి పెద్దలు ఎప్పుడైనా చెప్పి ఉంటే, దాన్ని వారి మాటల్లోనే రాసి పెట్టమని ఖరగ్‌పూర్ తెలుగువారిని కోరుతున్నాను. వారికి ఓపిక ఉంటే ఊరి పటం ముందుంచి, విమానాలు పోయిన దారిని వారి వేలితోనే గీయించండి.